వెనక వరుస: బావ పెట్టిన పరీక్ష

పోయిన వారం పిచ్చుకని మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. పై వాటాలో తను, కింది వాటాలో అక్కా బావా, మధ్యలో ఈ మెట్లు. చేతిలో ఫోను ఇంకా వెచ్చగానే ఉంది. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం సంగతేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు ఈలోగా టీ పెట్టుకోండి.

పిచ్చుక అన్నది బావ పెట్టిన ముద్దుపేరు. అక్క పెళ్ళయ్యేనాటికి ఈవిడ చిన్నపిల్ల. ఒక్క క్షణం నోరు మూసేది కాదు. ఆ పేరు అలా అతుక్కుపోయి, జుట్టు నెరవడం మొదలుపెట్టినా ఊడలేదు. ఇంట్లోవాళ్ళకి తెలిసినంతవరకు ఆవిడ ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దుతుంది. నిజానికి అదే పత్రికలో ‘వెనక వరుస’ అనే పేరుతో ఇరవై ఏళ్ళుగా సంగీత సమీక్షలు రాస్తున్నది ఆవిడే. హాల్లో ఎప్పుడూ ఆఖరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుంటుంది కనుక ఆ పేరు పెట్టుకుంది. ఆవిడ చేత చీవాట్లు తినని గాయకుడు ఈ ఊళ్ళో లేడు. అందరికంటే ఎక్కువ తిన్నవాడు మాత్రం ఒకే ఒక్కడు, ఆయన కింది వాటాలో ఉంటాడు.

ఇప్పుడు ఆ సమీక్షలన్నీ పుస్తకంగా వస్తున్నాయి. మొట్టమొదటిసారిగా అట్ట మీద ఆవిడ అసలు పేరు, వెనక ఫోటో. పబ్లిషరు మహా ఉత్సాహవంతుడు. వీళ్ళ బంధుత్వం తెలియక, రచయిత ఎవరో చెప్పకుండా ఊరించి, ఆవిష్కరణకి ముఖ్య అతిథిగా బావనే పిలిచేశాడు. “మీరు ఎక్కువ ఉతికి ఆరేసింది ఆయన్నే కదండీ, ఆయనే వస్తే హాలు పట్టదు” అని ఫోనులో ఒకటే నవ్వు. ఆయన మా బావగారండీ అని ఈవిడ చెప్పాక ఆ నవ్వు టక్కున ఆగిపోయింది.

“రేపు కవరు ప్రెస్సుకి వెళ్ళిపోతుందండీ. ఇవాళ మీరే ఆయన చెవిన వేస్తే సరే. వెయ్యలేనంటే పేరూ ఫోటో తీసేసి ‘వెనక వరుస’ అనే అచ్చేద్దాం. స్టేజీ మీద కుటుంబ కలహం మాత్రం నా వల్ల కాదు.”

అదీ సంగతి. చెప్పాలి, అదీ ఇవాళే చెప్పాలి. పేరు మీద మోజు లేదని పిచ్చుక ఎవరితోనైనా అంటే మీరు నమ్మకండి. కవరు నమూనా వచ్చిన రోజున దాన్ని బల్ల మీద పెట్టి, అద్దంలో చూసుకున్నట్టు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేని పని చేసిన మనిషికి ఆ మాత్రం ఆశ ఉండదా? కానీ బావంటే ఆవిడకి ప్రాణం. సంగీతం వినడం నేర్చుకున్నదే ఆయన గుమ్మంలో కూర్చుని. ఆ మనిషికే తెలియకుండా ఏళ్ళ తరబడి వాత పెట్టినట్టు ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

పిచ్చుక లేచింది. చీర దులుపుకుంది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. మొత్తానికి కిందికి దిగింది.

కింది హాలు ఆదివారం పొద్దున ఎలా ఉండాలో అలాగే ఉంది. గోడవారగా స్పీకర్లు, వాటి మీద మడత పెట్టని పేపర్లు, నేల మీద చుట్టలు చుట్టిన వైర్లు, కిటికీ పక్కన కీబోర్డు. ఒక మూల అక్క ఇస్త్రీ బల్ల వేసుకుని బావ కచేరీ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. రెండో మూల బావ. బావ అంటే బావ కనబడటం లేదు, ఒక పెద్ద తువ్వాలు కనబడుతోంది. సాయంత్రం పాట ఉంటే ఆయన పొద్దున్నే వేడినీళ్ళ గిన్నె ముందు పెట్టుకుని, తల మీంచి తువ్వాలు కప్పుకుని ఆవిరి పడతాడు. లోపల్నుంచి మూలుగులు వినిపిస్తుంటాయి.

“వచ్చావా పిచ్చుకా,” అంది తువ్వాలు.

“నేనే అని ఎలా తెలిసింది బావా?”

“ఈ ఇంట్లో చెప్పులు ఈడుస్తూ నడిచేది నువ్వొక్కదానివే. నాకూ చెవులున్నాయమ్మా. ఆ వెనక వరుస వెధవ ఒప్పుకోడు గానీ.”

అక్క తల ఎత్తలేదు. కాలరు మీద నీళ్ళు చిలకరించింది.

“వాడి పుస్తకం వస్తోందిట, తెలుసా?” అన్నాడు బావ లోపల్నుంచే. “నన్నే ఆవిష్కరించమన్నారు. సరేనన్నాను. ఎన్నాళ్ళకి దొరికాడు. మైకు నా చేతిలో ఉంటుంది, వాడు నా పక్క కుర్చీలో ఉంటాడు. ఎక్కడికి పోతాడు?”

“వాడు అంటారేమిటి? ఆవిడేమో, ఎవరికి తెలుసు?” అంది పిచ్చుక.

“ఆడవాళ్ళకి అంత కసి ఉండదే.”

ఇస్త్రీ పెట్టె తడి కాలరు మీద పడి బుస్సుమంది.

పిచ్చుకకి అప్పుడే తోచింది. మనిషి ముఖం చూస్తూ చెప్పలేని మాట తువ్వాలుకి చెప్పొచ్చు కదా. ఇంతకంటే మంచి అదను మళ్ళీ దొరకదు. గొంతు సవరించుకుంది, కళ్ళు మూసుకుంది, ఒక్క గుక్కలో అనేసింది.

“బావా, ఆ వెనక వరుస నేనే. ఇరవై ఏళ్ళ నుంచీ నేనే రాస్తున్నాను.”

తువ్వాలు కదలడం ఆగిపోయింది. తర్వాత మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. ఏడుస్తున్నాడేమోనని పిచ్చుక గబుక్కున కళ్ళు తెరిచింది. చూస్తే నవ్వుతున్నాడు. తువ్వాలు తీసి, ఎర్రగా ఉడికిన ముఖంతో, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

“నువ్వా,” అన్నాడు. “ఏమే, విన్నావా మీ చెల్లెలి మాటలు?”

“వింటున్నాను,” అంది అక్క.

“నిజం బావా.”

“ఊరుకోవే. ఇంచుమించు నేను పాడిన ప్రతి కచేరీకీ వచ్చావు. అవునా? ప్రతిసారీ ఇంటికొచ్చి ఏమన్నావు? బావా, అదిరిపోయింది అన్నావు. ఇన్నేళ్ళలో ఆ ఒక్క ముక్క తప్ప ఇంకో మాట నీ నోటెంట రాలేదు. గొంతు బొంగురుపోయిన రోజున కూడా అదిరిపోయిందనే అన్నావు. శ్రుతికీ లయకీ తేడా తెలీదు గానీ పిల్లకి నేనంటే ఎంత అభిమానమో అనుకునేవాణ్ణి. నువ్వు వెనక వరుసవా?”

పిచ్చుక ఇంత కష్టపడి నిజం చెప్తే అది నమ్మించడానికి కూడా తను పనికిరాదని తేలింది. పత్రికలో పదును ఎంత పెరిగితే ఇంట్లో పంచదార అంత ఎక్కువ పోసింది మరి. ఇప్పుడు ఆ పంచదారే అడ్డం వచ్చి కూర్చుంది.

“సరే,” అన్నాడు బావ, గిన్నె పక్కకి జరిపి. ఆయనకి సరదా పుట్టింది. “పరీక్ష పెడతాను. పాడతాను, తప్పు ఎక్కడుందో చెప్పు. చెప్తే నమ్ముతా. చెప్పలేకపోతే సాయంత్రం కుర్చీలు సర్దడానికి నువ్వే రావాలి.”

“బావా, ఇప్పుడు పరీక్షలెందుకు?”

“భయమా?”

భయమే. కుర్చీలంటే కాదు. చీకటి హాల్లో చిట్టచివర కూర్చుని విని, మర్నాడు గది తలుపు వేసుకుని రాయడం వేరు. ఎదురుగా, చేతికందే దూరంలో ఉన్న మనిషికి ఇక్కడ తప్పావు అని చెప్పడం వేరు. ఆ పని ఆవిడ జన్మలో చెయ్యలేదు. పేరు లేకపోవడం వల్ల ఇన్నాళ్ళూ ఏం తప్పించుకుందో ఆవిడకి ఇప్పుడు తెలిసొచ్చింది.

బావ కీబోర్డు ముందు కూర్చుని శ్రుతి పట్టాడు. అభిమానులు కిటికీ పాట అని పిలుచుకునే తన పాట ఎత్తుకున్నాడు. ఆయన సొంత బాణీ, ఆయనకి పేరు తెచ్చిన పాట. పల్లవి రెండుసార్లు పాడాడు, చివర్లో చెయ్యెత్తి విలాసంగా ఆపాడు.

పాట సాగినంతసేపూ పిచ్చుక కళ్ళు మూసుకునే ఉంది. కుడి చేతి వేళ్ళు ఒళ్ళో తాళం వేస్తున్నాయి. ముఖంలో ఇందాకటి బెదురు లేదు. హాల్లో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ముఖాన్ని గుర్తుపట్టేవాళ్ళు, బావ మాత్రం మొదటిసారి చూస్తున్నాడు.

“రెండోసారి పాడినప్పుడు, రెండో లైనులో మధ్య మాట దగ్గర శ్రుతి ఒక రవ్వ దింపారు,” అంది. “అది కావాలని చేశారు.”

బావ కనుబొమలు పైకి లేచాయి. “కావాలని చేశానని ఎలా తెలుసు?”

“పొరపాటున జారిన మనిషి తిరిగి ఎక్కేటప్పుడు తడుముకుంటాడు. మీరు తడుముకోలేదు, మెట్టెక్కినట్టు ఎక్కేశారు.”

“సరే, అది కాకతాళీయం. అయిపోయిందిగా పరీక్ష.”

“అవలేదు. ఇంకోటి ఉంది. అది మీకు తెలీకుండా పడింది.”

“ఇంకోటి లేదే,” అన్నాడు బావ. గొంతులో సరదా కొంచెం తగ్గింది.

పిచ్చుక ఇంకా కళ్ళు తెరవలేదు. తెరిస్తే చెప్పలేనని ఆవిడకి తెలుసు.

“లైను చివరి స్వరం మీద మీరు నిలబడరు బావా. ఊపిరి ఉంటుంది, గొంతులో బలం ఉంటుంది, అయినా వదిలేస్తారు. జనం చప్పట్లు కొడతారేమోనని ముందే దిగిపోయి చూస్తారు. ఇక్కడ జనం కూడా లేరు. అయినా దిగిపోయారు.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, అయిపోయిన చొక్కాని హ్యాంగరుకి తగిలించి, మొదటి బొత్తాం పెట్టింది. తొందరేమీ లేదు ఆవిడకి.

“ముందే దిగిపోతారు,” అన్నాడు బావ తనలో తను. “ఈ మాట వాడు రాశాడు. పోయినేడు టౌన్ హాల్లో పాడినప్పుడు. వారం రోజులు అన్నం సహించలేదు నాకు.”

“అవును బావా. గుర్తుంది.”

కోపం వస్తుందని ఆవిడ చూస్తోంది. రావలసిందే. కానీ బావ ముందు గాయకుడు, ఆ తర్వాతే బావ. చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికి వెళ్ళింది. ఆ చివరి లైను ఒక్కటే, చిన్న గొంతుతో మళ్ళీ పాడాడు. ఈసారి ఆఖరి స్వరం మీద నిలబడ్డాడు. ఇంకా నిలబడ్డాడు. స్వరం సన్నబడి, సన్నబడి, దానంతటదే ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగింది. పిచ్చుకకి ఎంత బాగుందో చెప్పాలనిపించింది. అదిరిపోయింది అన్న మాట తప్ప ఇంకేదైనా దొరికితే చెప్పేదే.

బావ అటు తిరిగి, తను పాడింది తనే ఒక క్షణం విన్నాడు. తర్వాత కోపం తెచ్చుకోవాలన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, గిర్రున ఇటు తిరిగాడు.

“అయితే నువ్వే.”

“నేనే బావా.”

“నా ఇంట్లో తిని, నా పాస్‌తో హాల్లోకొచ్చి, నన్నే కడిగేశావు.”

“మీ ఇంట్లో ఆదివారాలు మాత్రమే తింటాను,” అంది పిచ్చుక, నీళ్ళు నములుతూ.

అక్క దగ్గింది. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

“నవ్వకు,” అన్నాడు బావ పెళ్ళాంతో. “పిచ్చుకా, ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పు. తిట్టావని కాదు. అందరినీ తిట్టావు. కానీ మిగతావాళ్ళు పాడితే పొరపాట్లు పైపైన చెప్పి, మంచి ఎక్కడుందో వెతికి మరీ చెప్తావు. నా దగ్గరికొచ్చేసరికి భూతద్దం పట్టుకుని కూర్చుంటావు. నువ్వు రాసిందంతా చదివాను, మిగతావాళ్ళ మీద రాసింది కూడా. నాకెందుకమ్మా ప్రత్యేకం?”

ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎడిటరు అడగలేదు, పాఠకులు అడగలేదు. పిచ్చుక కూడా తనని తను అడిగి చూసుకోలేదు. అడిగినప్పుడు చూస్తే జవాబు పక్కనే ఉంది.

“మిమ్మల్ని మెచ్చుకుంటే నా మనిషని మెచ్చుకున్నానేమో అని నాకే అనుమానం వచ్చేది బావా. బైట ఎవరికీ తెలీదు గానీ నాకు తెలుసుగా. ఆ భయంతో ఒక మంచి మాట రాసి కొట్టేసేదాన్ని. మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేసేదాన్ని. చివరికి తప్పులు మాత్రం మిగిలేవి.”

“అంటే నీ నిజాయితీ నిలబెట్టుకోవడానికి నన్ను బలిపెట్టావు.”

“అంతే బావా,” అంది పిచ్చుక, ఈసారి కళ్ళలోకి చూస్తూ. “అది తప్పే. మీకు అన్యాయం చేశాను. పుస్తకం మీద నా పేరు వద్దంటే తీయించేస్తాను. ఇవాళ సాయంత్రం లోపల చెప్పమన్నారు.”

ఆ మాట అనేశాక ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. బల్ల మీద పెట్టుకుని అటూ ఇటూ తిరిగి చూసుకున్న కవరు కళ్ళ ముందు మెదిలింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“పేరు ఉంచుకో,” అన్నాడు చివరికి. “ఎవరు రాసిందీ తెలియకుండా ఇన్నాళ్ళు చంపుకు తిన్నావు, ఇక మీదట నీ పేరుతో తిను. కనీసం ఎవర్ని తిట్టుకోవాలో తెలుస్తుంది.”

“బావా...”

“ఆగు, ముద్దు చెయ్యకు, నా కోపం ఇంకా అవలేదు. నేను ఆ ఆవిష్కరణకి ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా నీకు? స్టేజీ మీద దులిపేస్తానని అందరికీ చెప్పుకు తిరిగాను. అది పైకి. అసలు సంగతి అది కాదు.” కీబోర్డు స్విచ్ ఆపేశాడు. “గొంతుకి ఆపరేషన్ అయిన ఏడు గుర్తుందా? ఆర్నెల్ల తర్వాత మొదటిసారి పాడాను. సగం హాలు ఖాళీ. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇంటికొచ్చి, ఇక చాలు, మానేస్తున్నాను అన్నాను. ఆ వారం వెనక వరుస చదవకూడదనే అనుకున్నా. చచ్చిన పాముని ఇంకో దెబ్బ కొడతాడు, అంతేగా. అయినా చెయ్యి ఊరుకోదు కదా, చదివాను.”

బావ కళ్ళు అరమోడ్చి, పాట చెప్పినంత శ్రద్ధగా చెప్పాడు.

“‘గొంతులో చిన్న గరుకు వచ్చింది. ఆ గరుకు నాకు బాగుంది. ఇంతకుముందు పాట మన పక్కనుంచి వెళ్ళిపోయేది, ఇప్పుడు వచ్చి పక్కన కూర్చుంటోంది. ఈయన పాట మానకూడదు.’ ఇరవై ఏళ్ళలో నువ్వు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. మానేద్దామనుకున్నట్టు వీడికెలా తెలిసిందిరా అని ఆశ్చర్యపోయాను. మర్నాడు సాధన మొదలుపెట్టాను. ఇవాళ నేను పాడుతున్నానంటే ఆ నాలుగు ముక్కల వల్లే. అది స్టేజీ మీద చదివి, రాసిన వాడి చేతులు పట్టుకుని దణ్ణం పెడదామని ఒప్పుకున్నాను. తీరా చూస్తే వాడు నువ్వు.” నవ్వాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. “ఇంకా మంచిదే. బైటవాడికి పెట్టే దణ్ణం నీకు పెడతాను. అది పుస్తకంలో ఉందిగా?”

ఉంది. మొదటి పేజీలోనే ఉంది. పబ్లిషరు ఏరి మరీ ముందు పెట్టాడు.

పిచ్చుక ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకంటే ఆ నాలుగు ముక్కలు ఆవిడ రాయలేదు. ఆ వారం ఆవిడకి ఒళ్ళు తెలియని జ్వరం. కచేరీకే వెళ్ళలేదు. లేచి కూర్చునేసరికి పత్రిక వచ్చేసింది, అందులో వెనక వరుస ఉంది. పేజీ ఖాళీగా వదలడం ఇష్టం లేక ఎడిటరు తనే రాసుకున్నాడనుకుని ఊరుకుంది. జ్వరంలో కూడా రాసి పంపింది, ఎంత బాధ్యత అని ఎడిటరు మురిసిపోయి ఊరుకున్నాడు. ఒకరినొకరు అడగనే లేదు. పుస్తకానికి ఏరినప్పుడు పబ్లిషరు మెచ్చుకుంటుంటే, ఆ ఒక్కటి నాది కాదు అనడానికి ఈవిడకి నోరు రాలేదు. ఇప్పుడు అవునంటే ఇంకొకరి మాటకి దణ్ణం పెట్టించుకోవాలి. కాదంటే ఈ మనిషిని మళ్ళీ పాటలోకి తెచ్చిన ఆ నాలుగు ముక్కలూ ఎవరివో ఊరూ పేరూ లేకుండా పోతాయి.

“చెప్పవే,” అన్నాడు బావ మెత్తగా. “అది కూడా నువ్వేగా?”

“అది కాదు,” అంది అక్క.

ఇద్దరూ అటు తిరిగారు. అక్క ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి, వైరు చుడుతోంది. పొద్దుట్నుంచి ఆవిడ నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. బావ పాట గురించైతే పెళ్ళైన నాటి నుంచి మంచో చెడో ఒక్క మాట అనలేదు. ఈవిడకి కుక్కరు కూతా నా పాటా ఒకటే అని ఆయన ఊరంతా చెప్పుకుని నవ్వుతాడు.

“ఆ వారం దానికి జ్వరం,” అంది అక్క. “ఆఫీసు నుంచి మనిషొచ్చి కాగితాల కోసం గుమ్మంలో నిలబడ్డాడు. ఉత్త చేతులతో పంపడం ఎందుకని నేనే రాసిచ్చాను.”

“నీకు... నీకు నా సంగతి తెలుసా అక్కా?”

“ప్రూఫులు దిద్దుతావంటే నమ్మడానికి నేనేమన్నా మీ బావనా?”

బావ లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీంచి జారి కింద పడింది, చూసుకోలేదు. పెళ్ళాం ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ తర్వాత ఆయన నుదురు మెల్లగా ముడిపడింది.

“ఆగు. దానికి జ్వరం అంటే, నువ్వు దాని పక్కనే ఉన్నావు. నేను ఒక్కణ్ణే వెళ్ళాను, నాకు బాగా గుర్తు. నువ్వు హాలుకి రాలేదు.” గొంతు తగ్గింది. “నా పాట నువ్వు విననే లేదు. వినకుండా రాశావా?”

ఇప్పుడు ఆయన అడుగుతున్నది సమీక్ష గురించి కాదని పిచ్చుకకి అర్థమైంది. ఆ నాలుగు ముక్కలు జాలితో రాసినవైతే, వాటిని పట్టుకుని ఇన్నేళ్ళుగా పాడుతున్న మనిషి ఏమైపోవాలి?

అక్క వైరు చుట్టడం పూర్తిచేసింది. ఇస్త్రీ పెట్టెని అలమరలో పెట్టి, తలుపు మూసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

“హాలుకి రాలేదు,” అంది. “కానీ ఆ రోజు మీ పాట విన్నాను. మొదట్నుంచీ చివరిదాకా విన్నాను. ఎక్కణ్ణుంచి విన్నానో చెప్తాను గానీ, చెప్పాక మీరిద్దరూ నన్ను తిట్టకూడదు.”